బిడ్డకు రానిది ఇంగ్లీషా, చదవడమా?

మీడియం మారిస్తే చదువు అబ్బుతుందన్న ఆశతో బడి మీద బడి మారుస్తున్నారు తల్లిదండ్రులు. ఏ బడి ఎంచుకున్నా ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరి నోటా రావడం లేదు.

జూన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లా కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. తోటల్లో తోతాపురి మామిడి కోతకొస్తుంది. నాయన గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసలో ఇరుక్కుంటాడు. బిడ్డ చదువు సంగతి అమ్మ నెత్తిన పడుతుంది. “యాడ ఏసినావక్కా మీ వాణ్ణి?” అని మొదలైన మాట బస్టాండులో, కుళాయి దగ్గర, పెళ్లి పందిట్లో నెల పొడుగునా నడుస్తుంది. సర్కారు బడా, కాన్వెంటా? ఊళ్లోనే చాలా, పుత్తూరుకు వ్యాను ఎక్కించాలా? తిరుపతిలో హాస్టల్లో పడేస్తే బాగుపడతాడా? ఫీజు, బస్సు, మార్కులు, ఇంగ్లీషు... తూకం వేసేది ఈ నాలుగే. “మా పాప యూకేజీలోనే ఇంగ్లీషు రైములు గడగడా చెప్పేస్తాది” అని ఒకరన్నారంటే మిగిలినవాళ్లు నోరు మూసుకోవాల్సిందే.

చదవలేని బిడ్డ ఎదురైతే ఈ బడి ఏం చేస్తుంది? ఈ మాట ఎవరూ అడగరు. అడిగితే బిడ్డలో ఏదో లోపం ఉందని మనమే చాటుకున్నట్టవుతుందని భయం. ఆడపిల్లయితే ఆ భయం రెట్టింపు.

కాలు విరిగితే ఎక్కడికి పోవాలో ఈ ప్రాంతంలో చంటిబిడ్డను అడిగినా చెబుతుంది. పుత్తూరు కట్టు పేరు తెలుగు, తమిళ, కన్నడ నేలలన్నిటా తెలుసు. నాలుగో తరగతికొచ్చిన పిల్లాడికి అచ్చులో ఉన్న వాక్యం కూడబలుక్కోవడం కూడా రాకపోతే ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరికీ తెలీదు. బడి మారుస్తారు. అక్కడా రాకపోతే ట్యూషన్. అదీ పనిచేయకపోతే తిట్లు, దెబ్బలు. చివరికి “వీడికి చదువు రాదులే, మెకానిక్ షెడ్డులో పెడదాం” అని తీర్మానం.

ఐచ్ఛికాల కాగితంలో లేని ప్రశ్న

మన రాష్ట్రంలో బడి భాష గొడవ కోర్టుల దాకా పోయింది. 2019 నవంబరులో జీవో 81, వెంటనే దాన్ని సవరిస్తూ జీవో 85 వచ్చాయి. ఆ సవరణ ప్రకారం ఒకటి నుంచి ఆరో తరగతి దాకా సర్కారు బళ్లన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాలి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండింటినీ కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల ఐచ్ఛికాలు సేకరించి, 96.17 శాతం మంది ఇంగ్లీషు మీడియమే కోరుకున్నారని ప్రకటించింది. ఆ అంకెను నమ్మనివాళ్లున్నారు. నేను నమ్ముతాను. మామిడి కాయల్ని ఫ్యాక్టరీ చెప్పిన ధరకు తోలి వచ్చిన రైతు తన బిడ్డకు ఇంగ్లీషు కావాలనుకోవడంలో తప్పు పట్టడానికి ఏముంది? పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకుంటూ పరాయి పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించేవాళ్ల మీద అతనికి నమ్మకం లేకపోవడమూ న్యాయమే.

నా పేచీ అంకెతో కాదు, ప్రశ్నతో. ఏ మీడియం కావాలో అడిగారు. మీ బిడ్డ ఇప్పుడున్న భాషలో చదవగలుగుతోందా అని అడగలేదు.

డబ్బు కూడా ఈ విషయంలో తల్లికి దారి చూపలేదు. ఏటా 15,000 రూపాయల అమ్మఒడి పథకం 2020 జనవరి 9న మన చిత్తూరులోనే మొదలైంది. 2025 నుంచి దాని చోట తల్లికి వందనం వచ్చింది. రెండూ సర్కారు బడికీ ప్రైవేటు బడికీ వర్తించినవే. బిడ్డను బడికి పంపడానికి సాయం అందింది, మంచిదే. బడికి వెళ్లిన బిడ్డ ఎందుకు వెనకబడిందో చూసే మనిషి మాత్రం ఆ డబ్బుతో రాడు.

ఈ గొడవలో ఒక మంచి పని జరిగిపోయింది. 2020-21 నుంచి సర్కారు బళ్లలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. వీటిని వేళాకోళం చేసినవాళ్లే ఎక్కువ. కానీ బిడ్డను అర్థం చేసుకోవడానికి తల్లి చేతికి ఇంతకన్నా సులువైన పనిముట్టు దొరకదు. ఓ సాయంత్రం మూడో తరగతి దాటిన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకా బళ్లో చెప్పని పాఠం తీసి, రెండు పేజీలూ చదివించండి.

తెలుగు పేజీ గబగబా చదివి, చదివింది తన మాటల్లో చెప్పి, ఇంగ్లీషు పేజీ దగ్గరే ఆగిపోతే ఆ బిడ్డలో ఏ లోపమూ లేదు. ఇంగ్లీషు దానికి కొత్త, అంతే. కావాల్సింది మెరుగైన ఇంగ్లీషు బోధన. రెండు పేజీల్లోనూ ఒకే తీరుగా తడబడితే, అదీ ఏళ్ల తరబడి సరిగ్గా బడికి పోయాక కూడా తడబడితే, అప్పుడు ఆలోచించాలి. మీడియం మార్చినా అలాంటి బిడ్డకు ఒరిగేదేమీ ఉండదు. ఒక భాషలో ఉన్న చిక్కు రెండు భాషల్లోకి పాకుతుందంతే. ఇది రోగనిర్ధారణ కాదు, అలా వాడకూడదు కూడా. ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే మొదటి గుర్తు మాత్రమే.

తమిళనాడు సరిహద్దులో ఉన్న ఈ పల్లెల్లో ఇంకో మెలిక ఉంది. వేణుగోపాలుడి ముద్రతో, నలుగురూ మాట్లాడుకునే తెలుగులో పదాలు రాసిన సారంగపాణి కార్వేటినగరం సంస్థానం కవే. అయినా ఇక్కడి తెలుగు ఏనాడూ ఒంటరిగా లేదు. 1960 ఏప్రిల్ 1న, రెండు రాష్ట్రాల సరిహద్దు తగవులో పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత గీశారు గానీ ఇళ్లలో మాటలు విడిపోలేదు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బళ్లో ఇంగ్లీషు వినే బిడ్డలు నగరి వైపు కోకొల్లలు. అలాంటి బిడ్డను ఏ పేజీ చదివించాలి? బడిలో చేర్చుకునేటప్పుడే ఇంటి భాష రాసుకుని, దానికో విలువ ఇచ్చే అయివారు ఉంటేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గీతకు అవతలున్న తెలుగు తల్లుల బాధ దీనికి తిరగేసినట్టుంటుంది. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో అక్కడి బళ్లలో తమిళం తప్పనిసరైంది. తెలుగు పిల్లల పదో తరగతి పరీక్ష మినహాయింపు కోసం మళ్లీ మళ్లీ కోర్టు గుమ్మం ఎక్కాల్సిన గతి పట్టింది.

కంఠతా పట్టే తెలివి

చదవడంలో చిక్కున్న పిల్లలు తెలివితక్కువ వాళ్లు కాదు. చాలామంది అతి తెలివితో ఏళ్ల తరబడి దొరక్కుండా తప్పించుకుంటారు. మన బళ్లలో అందరూ కలిసి గొంతెత్తి చదివే అలవాటు ఉంది కదా, అందులో వాళ్ల గొంతూ కలిసిపోతుంది. పాఠం మొత్తం కంఠతా వస్తుంది. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెబుతారు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే దిక్కులు చూస్తారు.

తెలుగులో ఆ చిక్కు తనదైన రూపంలో కనబడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో చెప్పినట్టు ‘బి’, ‘డి’ తిరగబడటమొక్కటే కాదు. వత్తులు ఎగిరిపోతాయి. దీర్ఘం ఉన్నచోట ఊడి, లేనిచోట మొలుస్తుంది. ఎత్వం, ఇత్వం కలగాపులగమవుతాయి. చదువుతుంటే ఒక వరస వదిలి కింది వరసలోకి జారిపోతారు. నల్లబల్ల మీదది ఎక్కించుకునే లోపు గంట కొట్టేస్తారు. అదే పిల్లాడు నోటి లెక్క టక్కున చెబుతాడు, చూసొచ్చిన సినిమా కథ పూసగుచ్చినట్టు చెబుతాడు. మాటకూ రాతకూ మధ్య ఇంత అగాధం ఉంటే అది సోమరితనం కాదు.

అయితే తొందరా పనికిరాదు. యాభై పైచిలుకు అక్షరాలు, వాటి గుణింతాలు, వత్తులు కలిస్తే వందల ఆకారాలు. మన లిపికి తోబుట్టువైన కన్నడం మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో, ఆ ఆకారాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా పడుతుందని తేలింది. ఇంగ్లీషు అక్షరాల లెక్కన రెండో తరగతి తెలుగు బిడ్డను తూచి, వెనకబడిందని ముద్ర వేయడం అన్యాయం.

తూచే రాళ్ల కొరత కూడా తక్కువేం కాదు. ప్రత్యేక అభ్యసన వైకల్యానికి సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో కేంద్రం 2018 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటిసారి ఎనిమిదేళ్ల వయసులో, మళ్లీ పద్నాలుగులో, పద్దెనిమిదిలో పరీక్షించాలన్నారు. పిల్లల డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు చూడాలి. ఇక్కడి తల్లికి ఆ ఇద్దరూ ఒకే రోజు దొరకడమే గగనం. పరీక్ష ఏ భాషలో జరుగుతుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం తయారుచేసిన ‘డాలి’ పరీక్ష 2015లో వచ్చినప్పుడు అందులో హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఉన్నాయి. మొదటి పంక్తిలో తెలుగుకు ఆకు పడలేదు.

భాష రాని పరీక్ష ఎంత కీడు చేస్తుందో అమెరికా ఎప్పుడో చూసింది. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే తొమ్మిది మంది పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి బుద్ధిమాంద్యం తరగతుల్లో వేశారు. డయానా కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యం 1970లో పరిష్కారమైంది. అంతకుముందు వాళ్లను స్పానిష్‌లో పరీక్షించి చూస్తే ఎక్కువమందికి బుద్ధిమాంద్యం లేదని తేలింది. ఆ అనుభవాలతోనే ఆ దేశపు ప్రత్యేక విద్యా చట్టంలో ఒక షరతు చేరింది. సరైన బోధన అందకపోవడమో, ఇంగ్లీషు రాకపోవడమో అసలు కారణమైతే ఆ బిడ్డకు వైకల్యం ఉందని నిర్ణయించకూడదు. తెలుగు వినే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లల్ని ఒక్క ఏడాదిలో ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని చూసిన మనకు ఈ షరతు మరీ అవసరం.

చట్టం చెప్పింది, బడి చెప్పలేదు

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు. 2016 చట్టం వాటిని 21 చేసింది, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఆటిజమూ అందులో చేరాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. పదహారో సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందే బళ్లతో పాటు ప్రభుత్వ గుర్తింపున్న బళ్లనూ కలుపుకుంటుంది. అంటే కాన్వెంటు కూడా లెక్కలోకే వస్తుంది. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా కనిపెట్టి తగిన బోధన చేయాలని ఆ సెక్షనే చెబుతోంది. పదిహేడో సెక్షన్‌లో భాషా, వైకల్యమూ ఒకే వాక్యంలో కలుస్తాయి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు.

మినహాయింపు అన్న మాట వినగానే ఎగిరి గంతేయకండి. తొమ్మిదో తరగతిలో హిందీ వదిలించుకోవడం సులువే. ఇంగ్లీషే వదిలేస్తే ఆ తర్వాత చదువుల్లో ఏ తలుపులు మూసుకుంటాయో ముందే తెలుసుకోవాలి. అదనపు సమయంతో, సహాయకుడితో గట్టెక్కే బిడ్డకు మినహాయింపు తొందరపాటే. ఇది నా అభిప్రాయం. దీనితో విభేదించే స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉంటారు, వాళ్లకు నాకన్నా ఎక్కువ తెలుసు కూడా.

కాగితం నుంచి మండలానికి వస్తే భవిత కేంద్రం ఉంది. సమగ్ర శిక్ష కింద సహిత విద్య రిసోర్స్ పర్సన్లు అక్కడ పనిచేస్తారు. నడవలేని బిడ్డ, వినలేని బిడ్డ, మాట రాని బిడ్డ, కుదురుగా కూర్చోలేని బిడ్డ... అందరికీ వాళ్లే దిక్కు. అదిగాక మండలంలోని బళ్లన్నీ తిరగాలి, ఇంటి నుంచి కదలలేని పిల్లల ఇళ్లకు పోవాలి, రిజిస్టర్లు నింపాలి. అక్షరం దగ్గర తడబడే నాలుగో తరగతి పిల్లాడు వాళ్ల కంటికి ఆనకపోతే తప్పు వాళ్లది కాదు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పైతరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. 2025 మార్చిలో రాష్ట్రాల చెవి మెలేసింది. ఆ తర్వాతే ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక విద్య ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. కోర్టు అడిగితే గానీ కదలలేదు, అయినా కదిలింది కాబట్టి సంతోషిద్దాం.

ఇక్కడి వాళ్లు పెద్ద కష్టం వస్తే పోయేది వేలూరు. సీఎంసీ ఆస్పత్రికి బాగాయంలో నంబిక్కై నిలయం ఉంది. ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల్ని చూడటమే కాదు, ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకూ నేర్పుతారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, కానీ చిత్తూరు వాడికి హైదరాబాదు కన్నా వేలూరే ఇంటి పక్క. వినికిడి లేని పిల్లలకు తిరుపతిలో దేవస్థానం నడిపే బధిర పాఠశాల ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక పక్కనే ఉన్న పుత్తూరు తిరుపతి జిల్లాకు పోయింది, కార్వేటినగరం చిత్తూరులోనే మిగిలింది. బడి ఒక జిల్లాలో, వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరం ఇంకో జిల్లాలో. కూలి మానుకుని తిరిగే తల్లికి ఇదో కొత్త తిప్పలు.

“ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి”

ఈ సలహా కాన్వెంటు మేడమ్ నోట వినే ఉంటారు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలకూ ఒకప్పుడు ఇదే సలహా ఎదురైంది. మాట ఆలస్యమైన బిడ్డకు, ఆటిజం ఉన్న బిడ్డకు రెండు భాషలు బరువని, తెలుగు మానేయమని చెప్పేవాళ్లు. ఆ మాటకు ఆధారం లేదని పరిశోధనలు తేల్చాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల మీద, ఆటిజం పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో రెండు భాషల మధ్య పెరిగినవాళ్లు ఒక భాషవాళ్ల కన్నా వెనకబడినట్టు కనబడలేదు. తెలుగు మానేస్తే మాట తొందరగా రాదు సరికదా, అవ్వాతాతలతో ఉన్న మాట కాస్తా తెగిపోతుంది. వచ్చీరాని ఇంగ్లీషులో అమ్మ చెప్పే ముక్కల కన్నా, వచ్చిన తెలుగులో ఆమె చెప్పే కథే బిడ్డకు ఎక్కువ మాటలు నేర్పుతుంది.

అమెరికాలోని చెల్లెలు ఫోన్లో చెప్పే ఐఈపీ (వ్యక్తిగత విద్యా ప్రణాళిక) సంగతి విని ఇక్కడి అక్క నిట్టూరుస్తుంది. 1975లో అక్కడ చేసిన చట్టం వల్ల, వైకల్యం ఉండి ప్రత్యేక బోధన అవసరమైన ప్రతి బిడ్డకూ రాతపూర్వకంగా ఒక ప్రణాళిక ఉంటుంది. ఆ సమావేశంలో తల్లిదండ్రులు కూర్చుంటారు, వాళ్లకు ఇంగ్లీషు రాకపోతే బడే దుబాసీని పెట్టాలి. మన దగ్గర తల్లిని పిలిచేది ఫీజు బకాయికో, ఫిర్యాదుకో.

నిట్టూర్చి ఊరుకోనక్కర్లేదు. మన ఇంటి దొడ్లోనే మొలిచిన వైద్యం ఒకటుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెపిల్లల కోసం తెలుగు కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. ప్రతి బిడ్డా తన మెట్టు మీద తను ఉంటుంది, అది వచ్చాకే పై మెట్టు. ఎవరు ఏ మెట్టు దగ్గర ఎన్నాళ్లుగా ఆగిపోయారో టీచరుకు ఇట్టే కనబడుతుంది. చదవలేని బిడ్డ గుంపులో దాక్కునే వీలే లేదు. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు దీన్ని అందుకుని తమ తీరుకు మలుచుకున్నాయి, తర్వాత అది తమిళనాడంతా పాకింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు మనం ఊరుకున్నాం. లెక్కల పుస్తకం భాషే పిల్లల్ని భయపెడుతోందని ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’ రాసిన రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడూ పూర్వపు చిత్తూరు జిల్లావాడే.

కార్వేటినగరానికి ఇంకో గుర్తింపు ఉంది. జిల్లా ప్రాథమిక ఉపాధ్యాయులను తయారుచేసే డైట్ ఇక్కడే ఉంది. 1986 జాతీయ విద్యావిధానం పుణ్యమా అని దేశమంతా వెలసిన సంస్థలివి. రేపు మారుమూల బడిలో ఒకటో తరగతి చేతికందుకునే అయివారు ఇలాంటి తరగతి గదుల్లోంచే వెళతారు. తెలుగులో చదవడం ఎక్కడెక్కడ చిక్కుపడుతుందో ఆ విద్యార్థి ఉపాధ్యాయులకు చేతల్లో నేర్పాలి. చుట్టూ ఉన్న బళ్లలో మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా చదివించి రాసుకునే పని వాళ్లకు అప్పగించాలి. పిల్లల్ని ప్రాథమికంగా పరిశీలించే ‘ప్రశస్త్’ చెక్‌లిస్టును ఎన్‌సీఈఆర్‌టీ 2022లోనే ఇచ్చింది. సైకాలజిస్టు కోసం ఎదురుచూడకుండా చేయగలిగిన పని ఇది. సర్టిఫికెట్‌కు ఎనిమిదేళ్లు నిండాలి గానీ, సాయానికి ఏ వయసూ నిండనక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ రెండు భాషల్లోనూ తడబడుతోందని మీకు అనిపిస్తే నోటి మాటతో ఆగకండి, హెడ్మాస్టరు పేరిట అర్జీ రాయండి. తెలుగులోనే రాయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పదహారో సెక్షన్ ప్రకారం మా బిడ్డను పరీక్షించి సాయం అందించండని అందులో ఒక్క వాక్యం ఉంటే చాలు. బడి సర్కారుదైనా, ప్రైవేటుదైనా అదే వాక్యం. ఒక నకలు మండల విద్యాధికారికి ఇవ్వండి, ఇంకొకటి మీ దగ్గర ఉంచుకుని, దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.